సమీపార్థక ఆంగ్ల పదాలు, అర్థభేదాలు: రాజ్యాంగ పరిభాష – తెలుగు పర్యాయపదాల పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆంగ్లంలో దగ్గరి అర్థాలున్న పదాలు విస్తారంగా ఉన్నాయి. నిత్యవ్యవహారంలో ఒకదాని బదులు మరొకటి వాడినా పెద్దగా నష్టం ఉండదు. శాసనభాషలో మాత్రం అలాంటి రెండు పదాల మధ్య ఉన్న తేడాపై ఒక మనిషి స్వేచ్ఛ, ఒక వ్యవస్థ అధికారం ఆధారపడి ఉంటాయి. భారత రాజ్యాంగంలోనూ, దాని వ్యాఖ్యానంలో వెలువడిన న్యాయనిర్ణయాల్లోనూ ప్రధానంగా కనిపించే ఐదు సమీపార్థక పదసమూహాలను తీసుకొని వాటి అర్థభేదాలను వివరించడం, ఆ భేదాలు స్థిరపడిన క్రమాన్ని చూపడం, తెలుగులో వాడుకలో ఉన్న పర్యాయపదాలు ఆ భేదాలను ఎంతవరకు నిలుపుతున్నాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సమీపార్థకాలు, పర్యాయపదాలు, అర్థవిజ్ఞానం, రాజ్యాంగ పరిభాష, శాసనానువాదం, శాంతిభద్రతలు, విచారణ.

1. ఉపోద్ఘాతం:

ఒక భాషలో ఏ రెండు పదాలూ అన్ని సందర్భాల్లో ఒకే అర్థాన్ని ఇవ్వవన్నది అర్థవిజ్ఞానంలో విస్తృతంగా అంగీకారం పొందిన అభిప్రాయం. తెలుగులో కన్ను, నేత్రం అనే పదాలు ఒకే అవయవాన్ని సూచిస్తాయి. అయినా అసూయ చెప్పేటప్పుడు "కన్ను కుట్టింది" అంటారే తప్ప "నేత్రం కుట్టింది" అనరు. "నేత్రదానం" అనే చోట "కన్నుదానం" అనరు. సూచించే వస్తువు ఒకటే అయినా పదం నిలిచే సందర్భం, దాని తోడుపదాలు, దాని గౌరవస్థాయి వేరు.

ఈ సంగతి భారతీయ ఆలంకారికులకు కొత్తది కాదు. కుంతకుడు వక్రోక్తిజీవితంలో "పర్యాయవక్రత"ను ప్రత్యేకంగా నిరూపించాడు. ఒకే వస్తువును చెప్పే అనేక పదాల్లో సందర్భానికి తగిన ఒక్క పదాన్ని ఎంచుకోవడంలోనే కవి ప్రతిభ తెలుస్తుందన్నది అందులోని సారాంశం. ఆధునిక భాషాశాస్త్రంలో ఫెర్డినాండ్ ద సస్యూర్ ఇదే విషయాన్ని మరో కోణం నుంచి చెప్పాడు. 1916లో వెలువడిన ఆయన ఉపన్యాస సంకలనంలోని ఒక ఉదాహరణ ప్రసిద్ధం. ఫ్రెంచిలో "మూతోఁ" అనే ఒక్క పదమే గొర్రెనూ, వంటకంగా వడ్డించే దాని మాంసాన్నీ సూచిస్తుంది. ఆంగ్లంలో జంతువుకు "షీప్", మాంసానికి "మటన్" ఉన్నాయి. కాబట్టి ఫ్రెంచి పదానికి, ఆంగ్ల పదానికి విలువ ఒకటి కాదు. పక్కన మరో పదం ఉండడమే పదం పరిధిని నిర్ణయిస్తుంది. ఆ "మటన్" తెలుగునాటికి వచ్చాక మేకమాంసానికి కూడా చెల్లుబాటు కావడం ఇదే సూత్రానికి మరో నిదర్శనం.

శాసనభాషలో ఈ ఎంపికకు మరింత బరువు ఉంటుంది. ఒకే శాసనంలో రెండు వేర్వేరు పదాలు వాడినప్పుడు శాసనకర్తలు రెండు వేర్వేరు అర్థాలను ఉద్దేశించారని న్యాయస్థానాలు సాధారణంగా భావిస్తాయి. శైలి కోసం పదం మార్చడం కవికీ వ్యాసకర్తకూ గుణం. శాసనరచయితకు అది దోషం.

తెలుగు పాఠకుడి విషయంలో మరో చిక్కు ఉంది. రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం పార్లమెంటు మరో ఏర్పాటు చేసేదాకా సుప్రీంకోర్టు వ్యవహారాలన్నీ ఆంగ్లంలోనే సాగాలి. 1987లో 58వ సవరణ ద్వారా చేరిన 394ఎ అధికరణ హిందీ పాఠానికి అధికారిక స్థానం కల్పించింది. తెలుగు పాఠకుడు తన హక్కులను తెలుగులో చదువుతాడు. వాటి హద్దులు మాత్రం ఆంగ్ల పదాల వ్యాఖ్యానంతో నిర్ణయమవుతాయి. ఈ రెండింటి మధ్య వంతెన కావలసినవి తెలుగు పర్యాయపదాలే.

2. ఆంగ్లంలో సమీపార్థకాలు పెరిగిన తీరు:

ఆంగ్ల పదజాలంలో మూడు ప్రధాన పొరలు ఉన్నాయి. మొదటిది జర్మానిక్ మూలాల ప్రాచీన ఆంగ్లం. రెండోది 1066లో నార్మన్ల విజయం తర్వాత పాలకవర్గంతో వచ్చిన ఫ్రెంచి. మూడోది చర్చి, విద్య, పునరుజ్జీవన కాలపు పాండిత్యం ద్వారా చేరిన లాటిన్. "కింగ్‌లీ", "రాయల్", "రీగల్" అనే మూడు విశేషణాలు ఈ మూడు పొరలకు వరుసగా ఉదాహరణలు. "ఆస్క్", "క్వశ్చన్", "ఇంటరాగేట్" అనే క్రియలదీ అదే వరుస. మొదటిది మామూలుగా అడగడం, రెండోది నిలదీసి ప్రశ్నించడం, మూడోది అధికారంతో పట్టుబట్టి ప్రశ్నించడం. పొర మారినకొద్దీ ఆ పదంలో అధికార ఛాయ పెరుగుతుంది. తెలుగులో దేశ్య, తద్భవ, తత్సమ పదాల మధ్య కనిపించే స్థాయీభేదంతో దీన్ని పోల్చవచ్చు.

నార్మన్ల తర్వాత చాలాకాలం ఇంగ్లండు న్యాయస్థానాల్లో ఫ్రెంచి, లాటిన్ చెలామణి అయ్యాయి. 1362 నాటి శాసనం వాదనలను ఆంగ్లంలో జరపాలని నిర్దేశించినా లిఖిత వ్యవహారంలో పాత భాషలు 18వ శతాబ్దపు మొదటి దశాబ్దాల దాకా కొనసాగాయి. రెండు భాషలవారికీ అర్థమయ్యేలా రెండు పదాలను జంటగా రాసే అలవాటు ఈ పరిస్థితుల్లో బలపడింది. "విల్ అండ్ టెస్టమెంట్" అనే జంటలో మొదటిది ఆంగ్లం, రెండోది లాటిన్. "గూడ్స్ అండ్ చాటెల్స్"లో మొదటిది ఆంగ్లం, రెండోది ఫ్రెంచి. "బ్రేకింగ్ అండ్ ఎంటరింగ్", "ఫిట్ అండ్ ప్రాపర్" అన్నవీ అలాంటి జంటలే.

అందువల్ల ఆంగ్ల న్యాయభాషలో సమీపార్థకాలు రెండు రకాలుగా కనిపిస్తాయి. అలవాటుగా జతకూడిన జంటలు మొదటి రకం. "విల్ అండ్ టెస్టమెంట్"ను తెలుగులో "వీలునామా" అనే ఒక్క మాటతో చెప్పినా అర్థలోపం రాదు. ఉద్దేశపూర్వకంగా వేరు చేసినవి రెండో రకం. వీటిని కలిపేస్తే శాసనం ఉద్దేశమే చెడుతుంది. ఒక జంట ఏ రకానికి చెందిందో గుర్తించడం అనువాదకుడి మొదటి పని. ఈ వ్యాసంలో పరిశీలించేవన్నీ రెండో రకానివి.

3. "పర్సన్" – "సిటిజన్":

రాజ్యాంగం మూడో భాగంలోని ప్రాథమిక హక్కులన్నీ ఒకే వర్గానికి చెందవు. 14వ అధికరణ చెప్పే చట్టం ముందు సమానత్వం, 21వ అధికరణ చెప్పే ప్రాణరక్షణ, వ్యక్తిస్వేచ్ఛ "పర్సన్" అనే పదంతో ముడిపడి ఉన్నాయి. 25వ అధికరణలోని మతస్వేచ్ఛ కూడా "పర్సన్స్" అందరిదీ. 16వ అధికరణలోని ప్రభుత్వోద్యోగ అవకాశాల సమానత, 19వ అధికరణలోని వాక్స్వాతంత్ర్యాది స్వేచ్ఛలు "సిటిజన్"కు మాత్రమే పరిమితం.

ఈ తేడా ఎంత దూరం పనిచేస్తుందో రెండు కేసులు చూపుతాయి. 1963లో స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్‌కు, విశాఖపట్నం వాణిజ్యపన్నుల అధికారికి మధ్య నడిచిన వ్యాజ్యంలో ఒక సంస్థ 19వ అధికరణను ఆశ్రయించవచ్చా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. నమోదైన సంస్థ చట్టం దృష్టిలో "పర్సన్" కావచ్చు కానీ "సిటిజన్" కాజాలదని మెజారిటీ తీర్పు. 1996లో అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మా శరణార్థుల విషయంలో జాతీయ మానవహక్కుల సంఘం వేసిన పిటిషనుపై, పౌరులు కానివారి ప్రాణాలను సైతం కాపాడవలసిన బాధ్యత రాజ్యానికి ఉందని అదే న్యాయస్థానం స్పష్టం చేసింది. మొదటి కేసులో ఆ పదభేదం ఒక హక్కు హద్దును గీసింది. రెండో కేసులో పౌరసత్వం ఇంకా తేలని మనుషులకు అది రక్షణ అయింది.

తెలుగులో వీటికి "వ్యక్తి", "పౌరుడు" అనే పర్యాయాలు స్థిరపడ్డాయి. అయితే పాఠ్యరచనల్లో "ప్రతి పౌరుడికీ జీవించే హక్కు ఉంది" వంటి వాక్యాలు తరచుగా కనిపిస్తాయి. వినడానికి నిర్దోషంగా ఉన్న ఈ వాక్యం 21వ అధికరణ పరిధిని కుదిస్తుంది. శరణార్థినీ విదేశీయుణ్ణీ దాని బయట నిలబెడుతుంది. "వ్యక్తి" అనే మాటకు తెలుగు లోకవ్యవహారంలో మనిషి అనే అర్థమే స్ఫురిస్తుంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం "పర్సన్"లో కంపెనీలు, సంఘాలు కూడా చేరతాయి. కాబట్టి సంస్థల ప్రస్తావన వచ్చేచోట "శాసనిక వ్యక్తి" వంటి స్పష్టమైన ప్రయోగం అవసరం.

4. "లా అండ్ ఆర్డర్" – "పబ్లిక్ ఆర్డర్" – "సెక్యూరిటీ ఆఫ్ ద స్టేట్":

ఈ మూడు పదబంధాల చరిత్ర రాజ్యాంగం అమలులోకి వచ్చిన ఏడాదే మొదలైంది. 1949 నాటి మద్రాసు ప్రజాశాంతి పరిరక్షణ చట్టం కింద "క్రాస్ రోడ్స్" అనే పత్రిక ప్రవేశాన్ని, పంపిణీని మద్రాసు ప్రభుత్వం తన రాష్ట్రంలో నిషేధించింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో ఆ రాష్ట్రంలోనివే. 1950లో రమేశ్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. నాటి 19వ అధికరణ రెండో ఉపవాక్యంలో రాజ్యభద్రతకు భంగం కలిగించే విషయాల ప్రస్తావన ఉందే తప్ప "పబ్లిక్ ఆర్డర్" అనే మాట లేదు. ప్రజాశాంతికి కలిగే ప్రతి భంగమూ రాజ్యభద్రతకు భంగం కాదు కనుక, ప్రజాశాంతి పేరుతో వాక్స్వాతంత్ర్యాన్ని అడ్డుకొనే శాసనం ఆ ఉపవాక్యం పరిధిలోకి రాదని న్యాయస్థానం నిర్ణయించింది. మరుసటి ఏడాది, 1951లో, మొదటి రాజ్యాంగ సవరణ ద్వారా "పబ్లిక్ ఆర్డర్" అనే పదాన్ని అక్కడ చేర్చారు. ఆంక్షలు సహేతుకంగా ఉండాలన్న నియమమూ ఆ ఉపవాక్యంలోకి అప్పుడే వచ్చింది.

"లా అండ్ ఆర్డర్"కూ "పబ్లిక్ ఆర్డర్"కూ మధ్య తేడా రామ్ మనోహర్ లోహియా కేసులో తేలింది. న్యాయగ్రంథాలు దీన్ని 1966 నాటి కేసుగా ఉదాహరిస్తాయి. భారత రక్షణ నియమాల కింద లోహియాను నిర్బంధిస్తూ పాట్నా జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చిన ఉత్తర్వులో "లా అండ్ ఆర్డర్" పరిరక్షణ కోసం అని ఉంది. అధికారమిచ్చే నియమంలో ఉన్న మాట "పబ్లిక్ ఆర్డర్". ఈ రెండూ ఒకటి కావని మెజారిటీ న్యాయమూర్తులు భావించారు. ఉత్తర్వు నిలవలేదు.

ఆ తీర్పులో న్యాయమూర్తి ఎం. హిదయతుల్లా మూడు ఏకకేంద్ర వృత్తాలను ఊహించమన్నారు. అన్నిటికంటే పెద్ద వృత్తం "లా అండ్ ఆర్డర్". దాని లోపలి వృత్తం "పబ్లిక్ ఆర్డర్". అన్నిటికంటే చిన్నది, లోపలిది రాజ్యభద్రత. లోపలి వృత్తాన్ని తాకిన చర్య బయటి వృత్తాలనూ తాకుతుంది. బయటి వృత్తాన్ని తాకిన ప్రతి చర్యా లోపలికి చేరదు. తాగిన ఇద్దరు మనుషులు పోట్లాడుకుంటే అది "లా అండ్ ఆర్డర్" సమస్య, మామూలు చట్టాలతో పరిష్కారమయ్యేది. ఆ ఇద్దరూ ప్రత్యర్థి మతవర్గాలకు చెంది, ఒకరు మతోద్రేకాలను రెచ్చగొట్టబోతే సమాజ జీవనమే కుదుపునకు లోనయ్యే ప్రమాదం ఉంది. అప్పుడది "పబ్లిక్ ఆర్డర్" పరిధిలోకి వస్తుంది. నేరం ఎంత ఘోరమైనదన్నది ఇక్కడ గీటురాయి కాదు. దాని ప్రభావం జనజీవనంలో ఎంత దూరం వ్యాపిస్తుందన్నదే గీటురాయి.

తెలుగులో "లా అండ్ ఆర్డర్"కు "శాంతిభద్రతలు" అనే చక్కని సమాసం స్థిరపడింది. ఇందులో చట్టం అనే మాట లేకపోయినా పత్రికాభాషలో అర్థస్ఫూర్తికి లోటు లేదు. చిక్కంతా "పబ్లిక్ ఆర్డర్"కు కూడా ఇదే సమాసాన్ని వాడడంలో ఉంది. ఏడో షెడ్యూలులోని రాష్ట్రజాబితా మొదటి అంశం "పబ్లిక్ ఆర్డర్". రెండోది పోలీసు వ్యవస్థ. వార్తల్లోనూ, పోటీపరీక్షల పుస్తకాల్లోనూ ఇది "శాంతిభద్రతలు రాష్ట్రజాబితాలోని అంశం" అనే వాక్యంగా మారుతుంది. మరోవైపు 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 8వ సెక్షన్ ఉమ్మడి రాజధాని ప్రాంతంలో గవర్నరుకు అప్పగించిన బాధ్యతల్లో "లా అండ్ ఆర్డర్"ను పేర్కొంది. తెలుగులో రెండు చోట్లా శాంతిభద్రతలే అయితే రెండు శాసనాల పదాలు వేరన్న సంగతి పాఠకుడికి తెలిసే అవకాశం లేదు.

ఈ తేడా తెలుగు రాష్ట్రాల్లో నేటికీ మనుషుల జీవితాలను తాకుతోంది. 1986 నాటి ముందస్తు నిర్బంధ చట్టం, వాడుకలో పీడీ చట్టం, "పబ్లిక్ ఆర్డర్"కు భంగకరమైన చర్యలను ఆధారం చేసుకొని నిర్బంధానికి అధికారమిస్తుంది. 2021లో తెలంగాణకు చెందిన ఒక కేసులో, మోసం ఆరోపణలపై జారీ అయిన నిర్బంధపు ఉత్తర్వును సుప్రీంకోర్టు ఈ భేదం ఆధారంగానే రద్దు చేసింది. ఆరోపణలు నిజమే అనుకున్నా అవి "లా అండ్ ఆర్డర్" పరిధిని దాటి "పబ్లిక్ ఆర్డర్"ను తాకలేదన్నది నిర్ణయసారాంశం. నిర్బంధితుడికి గాని, అతని కుటుంబానికి గాని ఆ ఉత్తర్వును తెలుగులో వివరించేటప్పుడు రెంటికీ ఒకే మాట వాడితే, దాన్ని సవాలు చేయగలిగిన అసలు అంశమే మరుగున పడుతుంది. "లా అండ్ ఆర్డర్"కు "శాంతిభద్రతలు", "పబ్లిక్ ఆర్డర్"కు "ప్రజాశాంతి", "సెక్యూరిటీ ఆఫ్ ద స్టేట్"కు "రాజ్యభద్రత" అని మూడింటినీ వేరుగా, నియతంగా వాడడం ఈ చిక్కును చాలావరకు తొలగిస్తుంది.

5. "ప్రొసీజర్ ఎస్టాబ్లిష్డ్ బై లా" – "డ్యూ ప్రాసెస్ ఆఫ్ లా":

ఈ రెండు పదబంధాలూ చట్టానుసారమైన పద్ధతిని గురించే చెబుతాయి. రెండోది అమెరికా రాజ్యాంగపు 5వ, 14వ సవరణల్లో ఉంది. అక్కడి న్యాయస్థానాలు పద్ధతి ఉందా లేదా అన్నదానితో ఆగకుండా ఆ పద్ధతి, ఒక్కోసారి ఆ శాసనమే న్యాయమైనదా అని పరిశీలించే అధికారాన్ని ఈ పదబంధం నుంచి గ్రహించాయి. భారత రాజ్యాంగ రచన తొలిదశలో ఈ పదబంధమే ప్రతిపాదనలో ఉంది. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు అమెరికా పర్యటనలో న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌తో చర్చించారు. ఎన్నికైన శాసనసభల నిర్ణయాలపై న్యాయమూర్తులకు మితిమీరిన అధికారం దక్కుతుందన్న అభిప్రాయం ఆ చర్చల్లో వ్యక్తమైంది. చివరకు జపాన్ రాజ్యాంగం 31వ అధికరణను పోలిన మొదటి పదబంధం 21వ అధికరణలో చేరింది. అదే సందర్భంలో "లిబర్టీ" అన్న చోట "పర్సనల్ లిబర్టీ" అని మార్చారు. 19వ అధికరణలోని స్వేచ్ఛలు ఇందులో కలగలిసిపోకుండా చూడడం ఆ విశేషణం ఉద్దేశం.

1950లో మద్రాసు రాష్ట్రంలో నిర్బంధంలో ఉన్న ఎ.కె. గోపాలన్ వేసిన కేసులో మెజారిటీ న్యాయమూర్తులు ఈ ఎంపికను అక్షరాలా తీసుకున్నారు. శాసనసభ చేసిన చట్టం ఒక పద్ధతిని నిర్దేశిస్తే చాలు, అది సహజన్యాయ సూత్రాలకు తగినట్లు ఉందా అని న్యాయస్థానం చూడనక్కరలేదన్నారు. న్యాయమూర్తి ఫజల్ అలీ విభేదించారు. 28 ఏళ్ల తర్వాత, 1978లో, పాస్‌పోర్టు స్వాధీనానికి సంబంధించిన మేనకాగాంధీ కేసులో న్యాయస్థానం దృష్టి మారింది. చట్టం నిర్దేశించే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా, సముచితంగా ఉండాలని తీర్పు వచ్చింది. రాజ్యాంగంలోని పదం మారలేదు. దాని అర్థం మాత్రం, వదిలేసిన రెండో పదబంధానికి బాగా దగ్గరైంది.

తెలుగులో మొదటిదానికి "చట్టం నిర్దేశించిన పద్ధతి" అనీ, రెండోదానికి "సముచిత న్యాయప్రక్రియ" అనీ చెప్పవచ్చు. "డ్యూ" అనే విశేషణంలో న్యాయంగా చెందవలసినది అనే భావం ఉంది. "నిర్దేశించిన" అన్నప్పుడు అలాంటి విలువనిర్ణయం ఏదీ లేదు. 1950 నాటి తీర్పు ఈ శూన్యం మీదే నిలిచింది. రెంటికీ "చట్టబద్ధ ప్రక్రియ" అని రాస్తే ఆ తీర్పూ అర్థం కాదు, దాన్ని దాటి వచ్చిన 1978 నాటి తీర్పు ప్రాధాన్యమూ అర్థం కాదు.

14వ అధికరణలోని జంట కూడా ఇక్కడే చెప్పుకోదగినది. "చట్టం ముందు సమానత్వం" ఆంగ్ల న్యాయసంప్రదాయం నుంచి, "చట్టాల సమాన రక్షణ" 1868 నాటి అమెరికా 14వ సవరణ నుంచి వచ్చాయి. ఎవరికీ ప్రత్యేక మినహాయింపు ఉండదన్నది మొదటిది. సమాన స్థితిలో ఉన్నవారిని చట్టాలు సమానంగా చూడాలన్నది రెండోది. మొదటిదానిలోని ఏకవచనం, రెండోదానిలోని బహువచనం కూడా తెలుగులో నిలవవలసినవే.

6. "కన్సల్టేషన్" – "కంకరెన్స్":

సలహా అడగడం వేరు, సమ్మతి పొందడం వేరు. లోకవ్యవహారంలో ఎవరికీ సందేహం లేని ఈ భేదం ఉన్నత న్యాయస్థాన నియామకాల్లో దశాబ్దాల వివాదమైంది. 124వ అధికరణ ప్రకారం సుప్రీంకోర్టు న్యాయమూర్తుల నియామకానికి ముందు రాష్ట్రపతి భారత ప్రధాన న్యాయమూర్తితో "కన్సల్టేషన్" జరపాలి. "కంకరెన్స్" ఉండాలన్న ప్రతిపాదన రాజ్యాంగసభ చర్చల్లో వచ్చినప్పుడు, అది ఒక వ్యక్తికి నిరోధాధికారం ఇవ్వడమే అవుతుందని 1949 మేలో అంబేడ్కర్ దాన్ని తిరస్కరించారు. రాజ్యాంగరచయితలకు ఈ రెండు పదాల తేడా బాగా తెలుసునని 370వ అధికరణ కూడా చూపుతుంది. 2019లో మార్పు జరిగేదాకా అందులో కొన్ని విషయాలకు రాష్ట్ర ప్రభుత్వంతో "కన్సల్టేషన్", మరికొన్నింటికి దాని "కంకరెన్స్" అని రెండు పదాలూ పక్కపక్కనే ఉండేవి.

1981లో ఎస్.పి. గుప్తా కేసులో "కన్సల్టేషన్" అంటే "కంకరెన్స్" కాదని సుప్రీంకోర్టు చెప్పింది. 1993లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ నిర్ణయాన్ని తోసిపుచ్చి ప్రధాన న్యాయమూర్తి అభిప్రాయానికి ప్రాధాన్యం ఉంటుందని తీర్మానించింది. ఆ తీర్పుతో కొలీజియం వ్యవస్థకు పునాది పడింది. 99వ సవరణ ద్వారా దాని స్థానంలో తెచ్చిన జాతీయ న్యాయనియామకాల కమిషన్ 2015లో రద్దయింది. పదం ఒకటే ఉన్నా దాని అర్థం సమీపార్థక పదం వైపు జరగడం వల్ల ఒక వ్యవస్థే పుట్టింది.

తెలుగులో "సంప్రదింపులు", "సమ్మతి" అనే మాటలు ఈ భేదాన్ని బాగా నిలుపుతాయి. "సంప్రదించి" అన్న మాటలో ఎదుటివారి మాటకు కట్టుబడాలన్న భావం లేదు. మొదటిదానికి కొందరు వాడే "సలహా మేరకు" అనే ప్రయోగం మాత్రం సరికాదు. "మేరకు" అన్నప్పుడు సలహాకు కట్టుబడడమే ధ్వనిస్తుంది. ఒక్క ప్రత్యయస్థానీయమైన మాటతో 1981 నాటి అర్థం 1993 నాటి అర్థంగా మారిపోతుంది.

7. "ఇంటర్నల్ డిస్టర్బెన్స్" – "ఆర్మ్‌డ్ రెబెలియన్":

352వ అధికరణ మొదట యుద్ధం, బాహ్య దురాక్రమణ, "ఇంటర్నల్ డిస్టర్బెన్స్" అనే మూడు కారణాలపై అత్యవసర పరిస్థితి ప్రకటనకు వీలు కల్పించింది. 1975 జూన్ 25 నాటి ప్రకటన మూడో కారణంపై వచ్చింది. "డిస్టర్బెన్స్" అనే పదానికి స్పష్టమైన హద్దు లేదు. సమ్మె, ఊరేగింపు, అల్లరి, తిరుగుబాటు ఏదైనా అందులో ఇమడగలదు. 1978 నాటి 44వ సవరణ ఆ పదాన్ని తొలగించి "ఆర్మ్‌డ్ రెబెలియన్" అని మార్చింది. ఇందులో రెండు నియమాలు ఉన్నాయి. జరిగేది రాజ్యాధికారంపై తిరుగుబాటు అయి ఉండాలి, అది సాయుధమై ఉండాలి.

పాతపదం రాజ్యాంగం నుంచి పూర్తిగా పోలేదు. రాష్ట్రాలను అంతర్గత అలజడుల నుంచి కాపాడడం కేంద్రం విధి అని చెప్పే 355వ అధికరణలో అది నేటికీ ఉంది. రక్షణ బాధ్యతను చెప్పేచోట విస్తృతమైన పదం, స్వేచ్ఛలను కుదించే అధికారాన్ని చెప్పేచోట సంకుచితమైన పదం నిలిచాయి. తెలుగులో "అంతర్గత అలజడి", "సాయుధ తిరుగుబాటు" అనే పర్యాయాలు ఈ భేదానికి తగినవి. అత్యవసర పరిస్థితి గురించి రాసేటప్పుడు "అంతర్గత తిరుగుబాటు" అని రెంటినీ కలిపిన సంకరపదం వాడితే సవరణకు ముందు స్థితీ వెనుక స్థితీ ఒకటే అన్న భ్రమ కలుగుతుంది.

8. తెలుగు పర్యాయాల ఎంపికలో గమనించవలసినవి:

తెలుగుకు స్వతహాగా ఉన్న పదభేదాలు కొన్నిసార్లు అనువాదానికి మేలు చేస్తాయి. హిందీ పాఠంలో "రైట్"కు "అధికార్" అనే మాట ఉంది. తెలుగులో "అధికారం" అంటే పెత్తనం, పాలనాశక్తి. అందువల్ల ఉర్దూ ద్వారా వచ్చిన "హక్కు" ఇక్కడ స్థిరపడింది. ప్రజలకు ఉండేవి హక్కులు, ప్రభుత్వానికి ఉండేది అధికారం అనే స్పష్టత తెలుగులో ఒక్క మాటతోనే దొరుకుతుంది. అరువు వచ్చిన పదం ఎదురు అర్థానికి మారిన సందర్భాలూ ఉన్నాయి. ఉర్దూలో వాదిని సూచించే "ముద్దయీ" తెలుగులో "ముద్దాయి"గా మారి నేరారోపణ ఎదుర్కొనే వ్యక్తికి పేరైంది. సంస్కృత, ఉర్దూ మూలాలను చూసి మాత్రమే పర్యాయాన్ని నిర్ణయించడం ఎంత ప్రమాదమో ఇవి తెలుపుతాయి.

మరికొన్నిసార్లు తెలుగులోని ఒకే పదం ఆంగ్లంలోని అనేక పదాల బరువు మోస్తుంది. "విచారణ" ఇందుకు మంచి ఉదాహరణ. 1973 నాటి నేరవిచారణ స్మృతిలో మూడు దశలు ఉన్నాయి. పోలీసులు సాక్ష్యాధారాలు సేకరించడం "ఇన్వెస్టిగేషన్". మేజిస్ట్రేటు గాని న్యాయస్థానం గాని "ట్రయల్"కు వెలుపల జరిపే పరిశీలన "ఎంక్వయిరీ". ఆరోపణపై దోషనిర్ణయం కోసం న్యాయస్థానంలో సాగేది "ట్రయల్". 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఈ విభజన కొనసాగింది. తెలుగు వార్తాభాషలో "పోలీసులు విచారణ జరుపుతున్నారు", "కమిషన్ విచారణ మొదలైంది", "కోర్టులో విచారణ పూర్తయింది" అని అన్నిటికీ ఒకే మాట కనిపిస్తుంది. నిందితుణ్ణి పోలీసులు ప్రశ్నించారా, న్యాయస్థానం విచారించిందా అన్న తేడా చెరిగిపోతే, నింద దోషంగా పాఠకుడి మనసులో స్థిరపడే ప్రమాదం ఉంది. "దర్యాప్తు", "పరిశీలనా విచారణ", "న్యాయవిచారణ" అని వేరుచేసి రాయడానికి తెలుగులో వనరులు లేకపోలేదు.

9. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. ఆంగ్ల న్యాయభాషలోని సమీపార్థక జంటల్లో కొన్ని చారిత్రక అలవాటు వల్ల ఏర్పడ్డాయి, కొన్ని ఉద్దేశపూర్వక విభజన వల్ల ఏర్పడ్డాయి. మొదటి రకాన్ని ఒకే తెలుగు మాటతో చెప్పవచ్చు. రెండో రకానికి రెండు తెలుగు మాటలు తప్పనిసరి.

2. సమీపార్థకాల హద్దులు నిఘంటువులో స్థిరంగా ఉండవు. "ప్రొసీజర్ ఎస్టాబ్లిష్డ్ బై లా", "కన్సల్టేషన్" అనే పదాల అర్థం తీర్పులతో మారింది. కాబట్టి పర్యాయపదంతోపాటు అది ఏ కాలపు అర్థంలో వాడబడిందో పరిశోధకులు సూచించాలి.

3. తెలుగు పర్యాయం ఎంత సహజంగా ఉన్నా, దాని పక్క పదానికి కూడా అదే పర్యాయం వాడితే ప్రయోజనం దెబ్బతింటుంది. "శాంతిభద్రతలు", "విచారణ" అనే మాటల విషయంలో జరిగింది ఇదే. అక్కడ లోపం పదంలో లేదు, పదాల మధ్య ఏర్పాటులో ఉంది.

4. పరిభాషా నిఘంటువులు ఆంగ్ల పదాలను అకారాది క్రమంలో విడివిడిగా ఇవ్వడంతో సరిపెట్టక, సమీపార్థకాలను సమూహాలుగా చూపి ఒక్కోదానికి భిన్నమైన తెలుగు పర్యాయాన్ని, ఒక ఉదాహరణ వాక్యాన్ని ఇస్తే అనువాదకులకూ, పత్రికారచయితలకూ, అధ్యాపకులకూ ఉపయోగకరంగా ఉంటుంది.

పాట్నా మేజిస్ట్రేటు ఉత్తర్వులో ఉన్న మాటకూ, నియమంలో ఉన్న మాటకూ తేడా గుర్తించినందువల్లనే ఒక మనిషి నిర్బంధం నుంచి బయటపడ్డాడు. అలాంటి తేడాను తెలుగులో చదివేవారికి కూడా కనిపించేలా నిలపడం తెలుగు పరిభాషా రచన నెరవేర్చవలసిన బాధ్యత.